అలిగిన ఆటగాడు ఎప్పుడు జట్టు మారతాడు, తప్పెవరిది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ట్రేడ్ (తనని వేరే జట్టుకి మార్చమని) అడగడానికి ఏ ఆటగాడికైనా స్వేచ్ఛ ఉంది. అడిగాడు కదా అని ఇచ్చి తీరాలని మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఫలానా స్టార్ జట్టు మారాలనుకుంటున్నాడట అని వార్త రాగానే అభిమానులు రెండు వర్గాలైపోతారు. ఒకరు ఆటగాణ్ని తిడతారు, ఇంకొకరు కోచ్‌ని తిడతారు. అసంతృప్తితో ఉన్నవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు కదా, వాళ్లలో కొందరే ఎందుకు వెళ్తారు, అదీ ఫలానా తేదీకే ఎందుకు వెళ్తారు అని అడిగేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో దీనికి జవాబు ఆటగాడి మనసులో వెతికితే దొరకదు, కాంట్రాక్టు తిరగేస్తే దొరుకుతుంది. ఇక బాధ్యత అంటారా, అందులో రెండు ప్రశ్నలు కలగలిసిపోయి ఉన్నాయి. ఆటగాడు విసిగిపోవడానికి కారణం ఎవరన్నది ఒకటి. అతను వెళ్లేటప్పుడు జట్టు చేతికి తక్కువ రావడానికి కారణం ఎవరన్నది మరొకటి. మొదటిదానికి జవాబు కేసుని బట్టి మారుతుంది. రెండోదానికి మాత్రం దాదాపు ప్రతిసారీ జనరల్ మేనేజరూ (ఆటగాళ్లని తెచ్చేదీ, పంపేదీ తేల్చే అధికారి), అతని పైనున్నవాళ్లే.

ఐస్ హాకీ పెద్దగా చూడనివాళ్ల కోసం కొంచెం నేపథ్యం. లీగ్‌లో 32 జట్లు. ఫుట్‌బాల్‌లోలా డబ్బు కట్టి ఆటగాణ్ని కొనుక్కునే పద్ధతి ఇక్కడ లేదు. ఆటగాడికి బదులు వేరే ఆటగాణ్నో, రాబోయే డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఎంపిక హక్కునో (పిక్ అంటారు) ఇవ్వాలి. కాంట్రాక్టు ఉన్నంతకాలం ఆ కాంట్రాక్టు ఏ జట్టు చేతిలో ఉంటే ఆటగాడు ఆ జట్టుకే ఆడాలి. 27 ఏళ్లు నిండితేనో, లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తయితేనో, కాంట్రాక్టు ముగిశాక పూర్తి స్వేచ్ఛ వస్తుంది, నచ్చినచోట సంతకం పెట్టుకోవచ్చు. అంతకుముందు కాంట్రాక్టు అయిపోయినా హక్కులు పాత జట్టు దగ్గరే ఉంటాయి. వీళ్లని పరిమిత స్వేచ్ఛ గల ఆటగాళ్లు అంటారు. వీళ్లు డిసెంబర్ 1లోగా సంతకం పెట్టకపోతే ఆ సీజన్ మొత్తం ఆడే వీలుండదు.

కాంట్రాక్టు నడుస్తుండగా ఆడనని భీష్మించుకు కూర్చుంటే ఏమవుతుందో అలెక్సీ యాషిన్ కథ చెప్తుంది. ఒటావా సెనేటర్స్ కెప్టెన్‌గా ఉన్న అతను 1999-2000 సీజన్‌లో, కాంట్రాక్టుకి ఇంకా ఒక ఏడాది ఉండగానే, జీతం పెంచితే తప్ప ఆడనన్నాడు. జట్టు పెంచలేదు, ట్రేడ్ కూడా చెయ్యలేదు. సీజన్ గడిచిపోయింది, ఏడాది అయిపోయింది కాబట్టి నాకిక స్వేచ్ఛేనని అతని వాదన. మధ్యవర్తి ఒప్పుకోలేదు. ఆడని ఏడాది లెక్కలోకి రాదు, ఆ బాకీ ఆడి తీర్చాల్సిందేనన్నాడు. 2000-01లో యాషిన్ తిరిగొచ్చి అదే పాత జీతానికి ఆడాడు. ఆ తర్వాత 2001 జూన్‌లో గానీ ట్రేడ్ జరగలేదు. న్యూయార్క్ ఐలండర్స్ అతని కోసం జడెనో చారా, బిల్ మకాల్ట్‌లతో పాటు ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో రెండో పిక్ కూడా ఇచ్చింది. ఆ పిక్‌తో ఒటావా తీసుకున్నది జేసన్ స్పెజాని. పంతం పట్టిన ఆటగాడి మీద ఒక జట్టు ఇంత లాభపడిన ట్రేడ్‌లు అరుదు. ఆ తీర్పు తర్వాత కాంట్రాక్టు మధ్యలో బెదిరింపు పనికిరాదని ఏజెంట్లందరికీ అర్థమైపోయింది.

జొనాథన్ డ్రూయిన్ కేసు కూడా ఇలాంటిదే, చిన్న స్థాయిలో. 2013 డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా టాంపా బే తీసుకున్న కుర్రాడు. 2016 జనవరిలో అతని ఏజెంట్ ట్రేడ్ కోరిక సంగతి బయటపెట్టాడు. జట్టు అతన్ని సిరక్యూస్‌లోని తన కింది స్థాయి జట్టుకి పంపింది. అతను ఒక ఆటకి రాకపోవడంతో జీతం లేకుండా సస్పెండ్ చేసింది. జనరల్ మేనేజర్ స్టీవ్ ఐజర్‌మన్ ఆ సీజన్‌లో ట్రేడ్‌లకి ఆఖరి తేదీ దాటే దాకా కదల్లేదు. డ్రూయిన్ తొలి కాంట్రాక్టులో ఉన్నాడు, జీతం తేల్చమని మధ్యవర్తిని అడిగే హక్కు లేదు, ఎక్కడికి పంపకూడదన్న షరతు లేదు, చేతిలో ఒక్క ముక్కా లేదు. దారిలోకొచ్చాడు. ఆ వసంతంలో ప్లేఆఫ్స్ 17 ఆటల్లో 14 పాయింట్లు చేశాడు (ఇక్కడ గోల్‌కి ఒకటి, గోల్‌కి సాయపడితే ఒకటి). విలువ అలా పెరిగాక, ఏజెంట్ నోరు విప్పిన ఏడాదిన్నరకి, 2017 జూన్‌లో మాంట్రియల్‌కి ఇచ్చి మిఖాయిల్ సెర్గచోవ్‌ని తెచ్చుకున్నారు. సెర్గచోవ్ టాంపాతో 2020, 2021 స్టాన్లీ కప్‌లు (లీగ్ విజేతకిచ్చే కప్) గెలిచాడు.

అంటే అలకకి దానంతట అదే బలం లేదు. బలం వచ్చేది కాంట్రాక్టులో ఏదో ఒక తేదీ దగ్గరపడినప్పుడు. ఆ తేదీల్లో ముఖ్యమైనవి మూడు.

అన్నిటికన్నా పెద్దది పూర్తి స్వేచ్ఛ వచ్చే తేదీ. 2022 వేసవిలో కాల్గరీకి ఎదురైంది ఇదే. జూలై 13న జానీ గాడ్రో కాంట్రాక్టు ముగించుకుని కొలంబస్‌కి వెళ్లిపోయాడు. ముందు సీజన్‌లో 115 పాయింట్లు చేసిన ఆటగాడు పోతే జట్టు చేతికి వచ్చింది సున్నా. కొద్ది రోజులకే మాథ్యూ కచక్, దీర్ఘకాలానికి ఇక్కడ సంతకం పెట్టనని చెప్పాడు. అతనికి పూర్తి స్వేచ్ఛ రావడానికి సరిగ్గా ఒక సీజన్ ఉంది. సీజన్ మధ్యలో అమ్మితే సగం ధర, ఆగితే గాడ్రోలాగే ఉట్టి చేతులు. జూలై 22న ఫ్లోరిడాకి పంపారు. ఎనిమిదేళ్ల కాంట్రాక్టుని ముందు కాల్గరీలోనే రాయించి, ఆ కాంట్రాక్టుతో సహా ట్రేడ్ చేశారు. ఎందుకంటే అప్పటి నిబంధన ప్రకారం సొంత జట్టు ఎనిమిదేళ్లు ఇవ్వచ్చు, కొత్త జట్టు ఏడేళ్లకి మించి ఇవ్వకూడదు. అంటే పంపే జట్టు ఆ అదనపు ఏడాదిని అమ్ముకుంటుందన్నమాట. (2026 సెప్టెంబర్ నుంచి అమలయ్యే కొత్త ఒప్పందంలో ఇవి ఏడు, ఆరు. తేడా ఇంకా ఒక ఏడాదే.) కాల్గరీకి జొనాథన్ హ్యూబర్డో, మకెంజీ వీగర్, కోల్ ష్విన్ట్, 2025 మొదటి రౌండ్ పిక్ వచ్చాయి. ఆ రోజు అందరూ కాల్గరీ గెలిచిందన్నారు, కాగితం మీద అది నిజమే. 115 పాయింట్లు చేసి వచ్చిన హ్యూబర్డోకి ఏడాదికి 1.05 కోట్ల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్లు రాసిచ్చారు. మరుసటి సీజన్ అతను చేసినవి 55. ట్రేడ్ బాగానే చేసి, ఆ తర్వాత పెట్టిన సంతకంతో దాన్ని పాడుచేసుకోవడం ఇది.

రెండో తేదీ బోనస్ పడే రోజు. చాలా పెద్ద కాంట్రాక్టుల్లో జీతంలో సింహభాగం జూలై 1న ఒకే చెక్కుగా వెళ్తుంది. ర్యాన్ ఒరైలీని బఫెలో 2018లో సరిగ్గా జూలై 1నే సెయింట్ లూయిస్‌కి పంపింది. ఆ రోజు అతనికి పడాల్సిన 75 లక్షల డాలర్లు కొత్త జట్టు నెత్తిన పడ్డాయి. యజమాని జేబు ఇందులో ఎంత పని చేసిందో లెక్క కట్టలేం గానీ, అలాంటి తేదీకి సరిగ్గా ట్రేడ్ జరిగితే హాకీ కారణాల కోసం మరీ లోతుగా తవ్వక్కర్లేదు.

మూడోది రక్షణ షరతు మొదలయ్యే తేదీ. ఆటగాడి అనుమతి లేకుండా కదపకూడదనే షరతుని పూర్తి స్వేచ్ఛకి అర్హత వచ్చే వయసు తర్వాతి ఏళ్లకే రాయవచ్చు. కాబట్టి ఇరవై రెండేళ్లవాడు ఎనిమిదేళ్ల కాంట్రాక్టు చేస్తే మొదటి ఏళ్లలో రక్షణ ఉండదు, తర్వాత ఒక జూలై 1న హఠాత్తుగా వస్తుంది. పి.కె. సుబ్బాన్‌కి అది 2016 జూలై 1. మాంట్రియల్ అతన్ని జూన్ 29న నాష్‌విల్‌కి పంపింది. జాక్ ఐకెల్‌కి అది 2022 వేసవిలో. బఫెలో 2021 నవంబర్‌లో పంపింది. ఆ తేదీ దాటితే ఎక్కడికి వెళ్లాలో చెప్పేది ఐకెల్ అయ్యేవాడు.

ఈ షరతుల విషయంలో పొరపాట్లు ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. నో-ట్రేడ్ ఉంటే అనుమతి లేకుండా ట్రేడ్ చెయ్యకూడదు, అంతవరకే. వేవర్స్ మీద పెట్టవచ్చు, అంటే 24 గంటల పాటు ఏ జట్టయినా ఉచితంగా ఎత్తుకుపోయేలా వదిలెయ్యవచ్చు. నో-మూవ్ ఉంటే అది కూడా కుదరదు, కింది స్థాయికి పంపడమూ కుదరదు. మూడో రకం జాబితా పద్ధతి: ఆటగాడు ఏటా ఒక గడువులోగా, వెళ్లనన్న జట్ల పేర్లో వెళ్తానన్న జట్ల పేర్లో ఇవ్వాలి. న్యూయార్క్ రేంజర్స్ 2024 జూన్‌లో బార్‌క్లే గుడ్రోని వేవర్స్ మీద పెట్టింది, శాన్ హోసే తీసుకుంది. అతనికి 15 జట్ల జాబితా ఉంది. వేవర్స్ దగ్గర ఆ జాబితాకి విలువ లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో రేంజర్స్ కెప్టెన్ జేకబ్ ట్రూబా విషయంలోనూ ఈ భయమే పనిచేసింది, అతను అనహైమ్‌కి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. ఇక్కడ ముందు అలిగింది జట్టు, తర్వాత ఆటగాడు. వార్తల్లో ఈ వరుస తరచూ తారుమారవుతుంది.

జాబితా దాఖలు చెయ్యడం చిన్న గుమాస్తా పనిలా కనిపిస్తుంది. 2018లో ఒరైలీకి బదులుగా బఫెలోకి వచ్చినవాళ్లలో పాట్రిక్ బెర్గ్‌లుండ్ ఒకడు. అతని జాబితా గడువులోగా అందలేదు, దాంతో ఆపే దారి లేకపోయింది. ఆ డిసెంబర్‌లోనే అతను జట్టుకి రావడం మానేశాడు, కాంట్రాక్టు రద్దయింది, ఇంకా మూడేళ్లకి పైగా రావలసిన జీతం వదులుకున్నాడు. 2022 మార్చిలో వేగాస్ ఎవ్‌గెనీ దాదోనోవ్‌ని అనహైమ్‌కి ట్రేడ్ చేసింది, లీగ్ దాన్ని రద్దు చేసింది. అనహైమ్ అతను వద్దన్న జాబితాలో ఉంది. అతని పాత జట్టు ఒటావా నుంచి ఆ సమాచారం వేగాస్‌కి సరిగ్గా చేరలేదు. వద్దనుకుని పంపిన ఆటగాడు మళ్లీ అదే డ్రెస్సింగ్ రూమ్‌లో అడుగుపెట్టి సీజన్ పూర్తిచేశాడు.

పూర్తి నో-మూవ్ ఉన్న ఆటగాడే ట్రేడ్ అడిగితే జట్టు పరిస్థితి ఎలా ఉంటుందో 2009లో డానీ హీట్లీ చూపించాడు. ఒటావాలో కొత్త కోచ్ కోరీ క్లౌస్టన్ తన పాత్ర తగ్గించాడని అతని ఫిర్యాదు. జట్టు ఒప్పుకుని ఎడ్మంటన్‌తో మాట్లాడింది. డస్టిన్ పెనర్, ఆండ్రూ కాగ్లియానో, లాడిస్లావ్ ష్మిడ్ ముగ్గురూ వచ్చేవాళ్లు. హీట్లీ అక్కడికి వెళ్లనన్నాడు. ట్రేడ్ అడిగిందీ తనే, ఆపిందీ తనే. ఈలోగా జూలై 1 వచ్చి ఒటావా 40 లక్షల డాలర్ల బోనస్ కూడా కట్టుకుంది. సెప్టెంబర్‌లో శాన్ హోసేకి ఇచ్చి జొనాథన్ చీచూ, మిలాన్ మిఖాలెక్, రెండో రౌండ్ పిక్ తీసుకుంది. అప్పట్లో 29 జట్లున్న సంత (పంపే జట్టు పోగా) ఒకటో రెండో జట్ల సంత అయిపోయినప్పుడు ధర అలాగే ఉంటుంది. హీట్లీ మొండితనాన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు, కానీ ఆ షరతు మీద సంతకం పెట్టింది జట్టే.

వీటన్నిటి పైన శాలరీ క్యాప్ ఉంది, అంటే ఒక జట్టు మొత్తం జీతాలకి గరిష్ట పరిమితి. 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక వచ్చిన నిబంధన ఇది. 2025-26కి ఒక జట్టు పరిమితి 9.55 కోట్ల డాలర్లు. కాంట్రాక్టు మొత్తాన్ని ఏళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటే క్యాప్ లెక్కలో పడుతుంది, ఆ ఏడాది చేతికి ఎంత ఇచ్చినా సరే. అందువల్ల 80 లక్షల ఆటగాణ్ని తీసుకోవాలంటే 80 లక్షల ఖాళీ ఉండాలి, లేదా అంత బరువు తిరిగి పంపాలి. దీనికి విరుగుడు జీతం నిలుపుకోవడం. పంపే జట్టు సగం దాకా తన ఖాతాలో ఉంచుకోవచ్చు. అప్పుడు కొత్త జట్టుకి 40 లక్షలే పడుతుంది. మధ్యలో మూడో జట్టుని పెట్టి ఇంకో సగం కోయిస్తే 20 లక్షలు. మూడో జట్టుకి ఈ సేవకి ఒక పిక్ ముట్టజెప్పాలి, ఆ రెండో కోతకి ఇప్పుడు రెగ్యులర్ సీజన్‌లో 75 రోజులు ఆగాలన్న నిబంధన కూడా వచ్చింది. ఒక జట్టు ఏ సమయంలోనైనా మూడు కాంట్రాక్టుల మీదే ఇలా చెయ్యగలదు. కాంట్రాక్టు ఎన్నేళ్లుంటే అన్నేళ్లూ ఆ సగం వదలదు. ఏడాది మిగిలిన ఆటగాడికి ఇది తేలిక, ఆరేళ్లు మిగిలినవాడికి ఎవరూ సాహసించరు. 2020 నుంచి కోవిడ్ వల్ల పరిమితి 8.15 కోట్ల దగ్గర ఆగిపోయినప్పుడు ఎంతోమంది ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారంటే, వాళ్లకి జట్టు మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు.

అసలు అడగడం ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. ఆటగాడు ఏజెంట్‌తో చెప్తాడు, ఏజెంట్ జనరల్ మేనేజర్‌తో చెప్తాడు. మామూలుగా మొదటి జవాబు, కొంత సమయం ఇవ్వండి, బయట అనకండి. వేరే జట్లు ఆ ఆటగాడితో గానీ ఏజెంట్‌తో గానీ నేరుగా మాట్లాడితే నేరం, ప్రస్తుత జట్టు రాతపూర్వకంగా అనుమతించాలి. జట్టు మారాక కొత్త కాంట్రాక్టు చేస్తాడా లేదా తెలియకపోతే ఎవరూ మంచి ధర పెట్టరు కాబట్టి ఆ అనుమతి ఎప్పుడు ఇస్తారన్నదే అసలు మెలిక. బేరం కుదిరాక రెండు జట్లూ లీగ్ కార్యాలయానికి వివరాలు పంపుతాయి. అక్కడ క్యాప్ లెక్క, 50 కాంట్రాక్టుల పరిమితి, షరతులు సరిచూస్తారు. నో-ట్రేడ్ ఉంటే ఆటగాడి అంగీకారం కావాలి. లీగ్ సరేనన్నాకే అది ట్రేడ్. ఈ మొత్తం తతంగంలో ధర పడిపోయేది ఎక్కడంటే, విషయం బయటికి పొక్కిన క్షణంలో. ఏజెంట్లు లీక్ చేస్తారని అందరూ అంటారు. జట్లు తక్కువ తినలేదు. 2012 ఫిబ్రవరిలో కొలంబస్ కెప్టెన్ రిక్ నాష్ ట్రేడ్ అడిగాడని విలేకరుల ముందు చెప్పింది ఆ జట్టు జనరల్ మేనేజర్ స్కాట్ హౌసనే. 2025 జనవరిలో వాంకూవర్ అధ్యక్షుడు జిమ్ రూథర్‌ఫర్డ్, జె.టి. మిల్లర్, ఎలియాస్ పెటర్సన్‌ల మధ్య పొసగడం లేదని పత్రికకి బాహాటంగా చెప్పాడు. రోజుల్లోనే మిల్లర్ న్యూయార్క్ రేంజర్స్‌కి వెళ్లిపోయాడు. నీ సరుకులో లోపం ఉందని నువ్వే చాటింపు వేసుకుంటే ఎదుటివాడు ధర పెంచుతాడా?

ఇప్పుడు మొదటి ప్రశ్న: విసిగించింది ఎవరు?

కోచ్ పేరు ముందు వినిపిస్తుంది, కొంత న్యాయమే. ఆట సమయం అంటే గౌరవం ఒక్కటే కాదు, డబ్బు కూడా. మొదటి వరుసలో (మంచు మీదికి విడతలుగా దిగే దళాల్లో మేటిది) 19 నిమిషాలు, పవర్‌ప్లే (ఎదుటి జట్టులో ఒకరు శిక్షలో కూర్చున్న సమయం) మొదటి దళంలో చోటు ఉన్నవాడికి పాయింట్లు వస్తాయి. మూడో వరుసకి దించి 13 నిమిషాలిస్తే రావు. మధ్యవర్తి ముందు జీతం తేల్చేటప్పుడు ఆ అంకెలే సాక్ష్యం. మాంట్రియల్ గోలీ (గోల్ కాసేవాడు) పాట్రిక్ రువాది డబ్బు గొడవ కాదు, పరువు గొడవ. 1995 డిసెంబర్ 2న డెట్రాయిట్‌తో ఆటలో 26 షాట్లలో తొమ్మిది గోల్స్ పడేదాకా కోచ్ మారియో ట్రెంబ్లే అతన్ని గోల్‌లోంచి తియ్యలేదు. సొంత ప్రేక్షకులే వెటకారంగా చప్పట్లు కొట్టారు. చివరికి తీసినప్పుడు రువా బెంచ్ వెనకే కూర్చున్న అధ్యక్షుడు రొనాల్డ్ కోరీ దగ్గరికెళ్లి, మాంట్రియల్‌లో ఇదే తన ఆఖరి ఆట అన్నాడు. ఆట 11-1తో ముగిసింది. నాలుగు రోజుల్లో అతన్నీ, కెప్టెన్ మైక్ కీన్‌నీ కొలరాడోకి పంపి జోస్లాన్ తీబో, మార్టిన్ రుచిన్‌స్కీ, ఆండ్రే కొవలెంకోలని తెచ్చారు. కొలరాడో ఆ సీజన్‌లోనే కప్ గెలిచింది.

ట్రెంబ్లే ఇందులో దోషే. కానీ కోచింగ్ అనుభవం లేని ట్రెంబ్లేనీ, మేనేజర్ అనుభవం లేని రెజాన్ హూల్‌నీ అక్టోబర్‌లో తెచ్చి కూర్చోబెట్టింది కోరీ. అప్పటిదాకా ఉన్న సెర్జ్ సవార్, జాక్ డెమర్స్‌లని సీజన్ మొదలైన రోజుల్లోనే తీసేసింది కూడా అతనే. నాలుగు రోజుల్లో ఎవరూ మంచి ధర తెచ్చుకోలేరు. ఐజర్‌మన్ ఒక తొలి కాంట్రాక్టు కుర్రాడి కోసం ఏడాదిన్నర ఆగాడు, మాంట్రియల్ తన చరిత్రలో గొప్ప గోలీల్లో ఒకడి కోసం వారం కూడా ఆగలేకపోయింది.

యాజమాన్యం బాధ్యతకి నేను చూపించే పెద్ద ఉదాహరణ మాత్రం బఫెలోనే. ఒరైలీ 2018 ఏప్రిల్‌లో, ఓడిపోవడం అలవాటైపోయి ఆట మీద ప్రేమ పోయిందని విలేకరులతో చెప్పాడు. అది విన్న జట్టు అతన్ని వదిలించుకుంది. మరుసటి ఏడాదే సెయింట్ లూయిస్ కప్ గెలిచింది, ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు ఒరైలీ. సామ్ రైన్‌హార్ట్‌ని 2021లో ఫ్లోరిడాకి పంపారు, 2024, 2025 కప్‌లు అక్కడ గెలిచాడు. ఐకెల్ ఉన్న ఆరు సీజన్లలో ముగ్గురు జనరల్ మేనేజర్లు మారారు, కోచ్‌లు అంతకన్నా ఎక్కువే మారారు, ప్లేఆఫ్స్ ముఖం ఒక్కసారీ చూడలేదు. ముగ్గురు వేర్వేరు స్వభావాల మనుషులు ఒకే చోట విసిగిపోయి మూడు వేర్వేరు చోట్ల కప్ ఎత్తితే లోపం మనుషుల్లో ఉందనడం కష్టం.

ఐకెల్ కేసులో వైద్యం కూడా ఉంది. 2021 మార్చిలో మెడ డిస్క్ దెబ్బతింది. కృత్రిమ డిస్క్ వేయించుకుంటానని అతను, రెండు వెన్నుపూసలని కలిపి అతికించే శస్త్రచికిత్సే మేలని జట్టు వైద్యులు. కృత్రిమ డిస్క్‌తో ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పటిదాకా ఎవరూ ఆడలేదు. లీగ్, ఆటగాళ్ల సంఘం మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం ఆఖరి మాట జట్టుదే. ఆ నిబంధనని బఫెలో రాయలేదు, ఆటగాళ్ల సంఘం కూడా సంతకం పెట్టినదే. అందుకని ఈ ప్రతిష్టంభనకి బఫెలో ఒక్కదాన్నే అనలేం. అయితే ఎనిమిది నెలల పాటు శస్త్రచికిత్స లేకుండా, సెప్టెంబర్‌లో కెప్టెన్సీ కూడా తీసేసి, దెబ్బతిన్న ఆటగాణ్ని పూర్తి ధరకి అమ్మాలని చూడడం జట్టు నిర్ణయమే. నవంబర్ 4న వేగాస్ ఒప్పుకుంది: అలెక్స్ టక్, పేటన్ క్రెబ్స్, ఒక మొదటి రౌండ్ పిక్, ఒక రెండో రౌండ్ పిక్ ఇచ్చి, ఒక మూడో రౌండ్ పిక్ వెనక్కి తీసుకుంది. కొద్ది రోజుల్లోనే అతనికి కావలసిన శస్త్రచికిత్స అయింది, ఫిబ్రవరిలో ఆడాడు. 2023లో కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్‌లో అందరికన్నా ఎక్కువ, 26 పాయింట్లు చేశాడు.

ఆటగాడిదే బాధ్యత అనదగ్గవి లేకపోలేదు. క్రిస్ ప్రాంగర్ 2005లో ఎడ్మంటన్‌లో ఐదేళ్ల కాంట్రాక్టు చేసి, ఏడాదికే, జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్లిన వెంటనే, కుటుంబ కారణాలు చెప్పి వెళ్లిపోతానన్నాడు. కోచ్‌తో గొడవ లేదు, డబ్బు గొడవ లేదు. కుటుంబం కోసం అడగడం తప్పు కాదు, కానీ ఆ నష్టానికి జట్టుని తప్పుపట్టలేం. 1991లో ఎరిక్ లిండ్రోస్ ఒక్క ఆట కూడా ఆడకుండానే క్యుబెక్‌కి వెళ్లనన్నాడు. మరుసటి ఏడాది క్యుబెక్ అతన్ని ఒకేసారి రెండు జట్లకి అమ్మింది, మధ్యవర్తి ఫిలడెల్ఫియా వైపు తీర్పిచ్చాడు. బదులుగా వచ్చినవాళ్లలో పీటర్ ఫోర్స్‌బర్గ్ ఉన్నాడు, పైగా 1.5 కోట్ల డాలర్లు (అప్పట్లో ట్రేడ్‌లో డబ్బు కలపచ్చు). జట్టు కొలరాడోకి తరలిపోయి 1996లో గెలిచిన కప్‌కి పునాది ఆ ట్రేడే.

అదే కొలరాడోలో జనరల్ మేనేజర్ జో సాకిక్ తన ఆటగాడు మాట్ డుషేన్ విషయంలో చూపించిన ఓపిక జనరల్ మేనేజర్లు చదువుకోవలసినది. 2016-17లో ఆ జట్టు 82 ఆటల్లో 48 పాయింట్లతో లీగ్ అడుగున ఉంది. డుషేన్ వెళ్తానన్నాడు. కాంట్రాక్టుకి ఇంకా రెండేళ్లున్నాయి, అంటే సాకిక్‌కి తొందర లేదు. వేసవంతా అభిమానులు తిట్టారు, విలేకరులు వెక్కిరించారు. 2017 నవంబర్ 5న ఐలండర్స్‌తో ఆట మధ్యలో డుషేన్‌ని మంచు మీద నుంచి పిలిచేశారు. మూడు జట్ల ట్రేడ్‌లో సామ్ జిరార్డ్ సహా నలుగురు ఆటగాళ్లూ, మూడు పిక్‌లూ వచ్చాయి. వాటిలో ఉన్న మొదటి రౌండ్ పిక్ 2019లో నాలుగో స్థానంలో పడి బోవెన్ బైరమ్ అయింది. 2022 కప్ జట్టులో జిరార్డ్, బైరమ్ ఇద్దరూ ఉన్నారు.

ఇక తప్పు ఎటూ తేలని కేసు పియెర్-లూక్ డుబువాది. 2020 డిసెంబర్ ఆఖరున కొలంబస్‌లో రెండేళ్లకి సంతకం పెట్టాడు, అప్పటికే వెళ్లిపోవాలన్న కోరిక అందరికీ తెలుసు. 2021 జనవరి 21న టాంపాతో ఆటలో మనసు పెట్టడం లేదని కోచ్ జాన్ టోర్టొరెల్లా 3 నిమిషాల 55 సెకన్లకి కూర్చోబెట్టేశాడు. రెండు రోజులకి విన్నిపెగ్‌తో ట్రేడ్: అటు నుంచి పాట్రిక్ లైనే, జాక్ రొస్లొవిక్. వాళ్లు కూడా అక్కడ సంతోషంగా లేనివాళ్లే. రెండు జట్లు తమ తమ అలకల్ని మార్చుకున్నాయి. డుబువా విన్నిపెగ్‌లోనూ దీర్ఘకాలం ఉండనన్నాడు. 2023 జూన్‌లో ఏడాదికి 85 లక్షల చొప్పున ఎనిమిదేళ్లు రాయించుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లాడు, అక్కడ 40 పాయింట్లు చేశాడు. దాదాపు ఏడాదికి, ఒక్క గోలీ డార్సీ కెంపర్‌కి బదులుగా వాషింగ్టన్‌కి. మూడు జట్లు అతని వ్యక్తిత్వాన్ని తప్పుపట్టాయి, లైనే కూడా 2024లో మాంట్రియల్‌కి మారాడు. వాషింగ్టన్‌లో కోచ్ స్పెన్సర్ కార్బెరీ డుబువాకి రెండో వరుస సెంటర్ (వరుస మధ్యలో ఆడేవాడు) స్థానం, ప్రత్యర్థుల మేటి ఆటగాళ్లని కాసే పనీ అప్పగించాడు. 2024-25లో 66 పాయింట్లు, అతని కెరీర్‌లోనే ఎక్కువ. లాస్ ఏంజెలెస్‌లో అతను ఆన్జే కోపితార్, ఫిలిప్ డనోల వెనక మూడో సెంటర్. ఏడాదికి 85 లక్షలిచ్చి ఒక మనిషిని మూడో వరుసలో పెట్టాలనుకున్నది అతని ఏజెంట్ మాత్రం కాదు.